పద్దెనిమిది కాగితాల్లో తెలుగు ముక్క

ఐదు నెలలుగా ధర్మతేజ అన్నం ముందు కూర్చుంటున్నాడు గాని తినడం లేదు. కలుపుతాడు, ముద్ద చేస్తాడు, ఆ ముద్దను కంచం అంచున పెడతాడు. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కుంటాడు. మొదట్లో తల్లి దేవుడమ్మ కోప్పడేది. తరవాత బతిమాలింది. ఇప్పుడు ఆ కంచం తీసి పెరట్లో కుక్కకు పెట్టి వస్తోంది, అంతే.

రేపు మధ్యాహ్నం రెండు గంటలకు విశాఖపట్నంలో ఆఖరి విచారణ. అది అయ్యాక తన కొడుకు రైలింజను డ్రైవరుగా ఉంటాడో లేదో తేలిపోతుంది. ఉండడనే అందరూ అంటున్నారు. ఎర్ర సిగ్నలు దాటిన డ్రైవరును ఇంటికి పంపించడమే అక్కడి ఆనవాయితీ. ఉద్యోగం పోతే మరొకటి చూసుకోవచ్చని కోడలు బేబి మెల్లగా అంది ఒకసారి. ధర్మతేజ గోడకేసి చూస్తూ, "ఇంకోటి సెయ్యడానికి నేను ఉండాలి కదే," అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి అత్తాకోడళ్లిద్దరూ అతన్ని ఇంట్లో ఒంటరిగా వదిలింది లేదు.

అతన్ని ఈ స్థితికి తెచ్చిన ఇంజను వాళ్ల ఇంటికి పరాయిది కాదు. దేవుడమ్మ మొగుడు సింగన్న కరెంటు ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి, ఎనిమిదేళ్ల కిందట గుండెనొప్పితో పోయాడు. బతికున్నన్నాళ్లూ సెలవుకి నర్సీపట్నం వచ్చినా ఇంజన్ల మాటే. కూర రుచిగా ఉందో లేదో చెప్పేవాడు కాదుగాని వాప్-ఫోర్ అనే ఇంజను గురించి అడగకుండానే చెప్పేవాడు.

"డబ్ల్యూ అంటే పెద్ద లైను. ఏ అంటే ఏసీ కరెంటు. పీ అంటే పాసింజర్లు. గూడ్సు బండి లాగేదానికైతే జీ ఎడతారు. పీ అన్నాక మనుసుల పేణాలు దాని మీద ఉన్నట్టేనే, దేవుడూ."

అంతకు ముందు వాప్-వన్ అని ఒకటి ఉండేదట. పద్దెనిమిది పెట్టెలు దాటితే దానికి ఆయాసం వచ్చేదట. జనం పెరిగారు, బండికి ఇరవైనాలుగు పెట్టెలు కావలసి వచ్చాయి. అప్పుడు చిత్తరంజన్‌లో దాని మోటార్లు మార్చి ఇంకా బలమైనవి పెట్టి, ఆ బరువు పట్టాల మీద పడకుండా మరోచోట ఇనుము తగ్గించి ఈ నాలుగో రకం తయారుచేశారు. తొంభైమూడో ఏటి నుంచి ఇరవై ఏళ్లకు పైగా అవే చేశారు. ఏడొందలు దాటి తయారయ్యాయి. మొదటిది తమ షెడ్డుకి వచ్చిన రోజున సింగన్న దానికి కొబ్బరికాయ కొట్టి, ఆ చెక్క పదిలంగా ఇంటికి తెచ్చాడు. "దేవుడి పెసాదమేటి?" అని అడిగితే, "ఇంజను పెసాదం," అన్నాడు.

ధర్మతేజ తండ్రి ఒళ్లో కూర్చుని ఆ కథలు విని పెరిగాడు. వాడు చిన్నప్పుడు రోడ్డు మీదకు పరిగెత్తబోతే సింగన్న కేకలు వేసేవాడు కాదు. రెండు చేతులూ నెత్తి మీదకు ఎత్తి నిలబడేవాడు. చేతిలో ఎర్రజెండా లేనప్పుడు రైలును ఆపమని చెప్పే సైగ అది. వాడు ఎంత ఊపులో ఉన్నా బొమ్మలా ఆగిపోయేవాడు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు.

పెద్దయ్యాక వాడు ఆ ఇంజనే నడిపాడు. పిడి తిప్పుతుంటే లోపల కరెంటు ముప్పైరెండు మెట్లూ టక్కు టక్కుమని ఎక్కుతుందని, ఆ చప్పుడు వింటే నాన్న పక్కనున్నట్టే ఉంటుందని చెప్పేవాడు. తరవాత వాప్-సెవెన్‌లు వచ్చాయి. వాటిలో అంతా కంప్యూటరు. పేరున్న ఎక్స్‌ప్రెస్‌లన్నీ లాగిన పాతవాటిని మెల్లగా చిన్న బళ్లకు దించారు. ఆ మీద ఒక్కొక్కటే వయసు అయిపోయిందని కొట్టేయడం మొదలుపెట్టారు.

జనవరిలో మంచు కమ్మిన ఒక ఉదయం ధర్మతేజ అలాంటి ముసలి ఇంజనుతో పాసింజరు బండి తీసుకొస్తున్నాడు. ఎదర ఎర్ర సిగ్నలు కనబడింది. బ్రేకు వేశాడు. బ్రేకు పడింది గాని పడవలసినప్పుడు పడలేదు. బండి సిగ్నలు దాటి రెండు ఇంజన్ల పొడవు ముందుకు వెళ్లి ఆగింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. అయినా దాటడం దాటడమే. బండి దిగిన చోటే అతన్ని పనిలోంచి ఆపేశారు.

అంతకు రెండు రోజుల ముందే ఆ ఇంజను బ్రేకు ఆలస్యంగా పడుతోందని తాను ఇంజను పుస్తకంలో రాశానని ధర్మతేజ చెప్పాడు. డ్రైవరు దిగేటప్పుడు అందులో రాసిన లోపం చూసే షెడ్డువాళ్లు మరమ్మతు చేస్తారు. సరే, పుస్తకం తీశారు. రాసి ఉంది, నిజమే. కాని అది ఇంజను గురించి కాదన్నారు. బోగి బ్రేకు పట్టడం లేదని రాశావు, బోగీలన్నీ ఆ రోజే పరీక్ష చేయించాం, దేనిలోనూ లోపం లేదు అన్నారు. పోనీ ఇంజను పరీక్ష చేద్దామంటే మార్చిలో దాని వయసు చెల్లింది. తీగలు లాగేశారు, చక్రాలు ఊడదీశారు, మిగిలింది తుక్కు కింద వెళ్లిపోయింది.

ఆ రోజు ఇంటికొచ్చి ధర్మతేజ గుమ్మంలోనే కూలబడ్డాడు.

"నేనే తప్పు రాసీసేనేమోనమ్మా. రేత్రంతా బండి నడిపి దిగేను. సెయ్యి ఏటి రాసిందో నాకే తెల్దు. సిగ్నలు ఎర్రగా ఉన్నాదని సూసేనో లేదో, ఇప్పుడదీ తెల్దు."

తన కొడుకు ఉద్యోగం పోతుందని దేవుడమ్మ ఆ రోజు ఏడవలేదు. తన కళ్లను తనే నమ్మలేని స్థితికి వచ్చాడని ఏడ్చింది.

విచారణ కాగితాలు పద్దెనిమిది. అన్నీ ఇంగ్లీషు. దేవుడమ్మ చదవగలిగింది తెలుగు ఒక్కటే, అదీ యాభై దాటాక నేర్చింది. సింగన్న పోయాక పింఛను కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే వెనక వరసలోని ఎవరో నవ్వారు. ఆ సాయంత్రమే పక్కవీధిలో ఉండే రిటైరైన టీచరు కనకమహాలక్ష్మిగారి గుమ్మం ఎక్కింది. ఆవిడ ఓపిక గల మనిషే గాని నాలుక పదును. ఒకసారి దేవుడమ్మ 'తేలు' అని రాసి ఉంటే 'తోలు' అని చదివింది.

"దేవుడమ్మగారూ, తేలుని తోలు అనుకుని చెప్పు కుట్టించుకుంటారా ఏమిటి? ఏత్వం దగ్గరా ఓత్వం దగ్గరా ఆగండి. వేలు పెట్టి చదవండి. బాగా చదువుకున్నవాళ్లు మాట మొహం చూసి వెళ్లిపోతారు. మీరు అలా వెళ్లొద్దు."

అప్పటినుంచి దేవుడమ్మ వేలు పెట్టే చదువుతుంది. బస్సు మీద ఊరి పేరు చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. అయినా సరే.

విచారణ రోజు తెల్లారింది. దేవుడమ్మ పొయ్యి మీద ఉప్మా కలుపుతోంది. బేబి స్నానానికి వెళ్లింది. ఒకరు చూస్తున్నారని ఇంకొకరు అనుకున్న ఆ పావుగంటలోనే ధర్మతేజ ఇంట్లోంచి వెళ్లిపోయాడు.

తడిజుట్టుతో బేబి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"అత్తా, ఆయన నేరు! ఫోను ఇక్కడే ఉన్నాది. వాచీ కూడా ఇప్పీసి బల్ల మీద ఎట్టీసినారు."

"ఇసారణకి బేగి ఎల్లిపోనాడేమోనే," అంది దేవుడమ్మ. అంటూనే బల్ల కేసి చూసింది. ఫోను పక్కనే పద్దెనిమిది కాగితాల ఫైలు ఉంది. విచారణకు వెళ్లేవాడు ఫైలు వదిలేసి వెళ్లడు. వాచీ లేకుండా ఏ రైలు డ్రైవరూ గడప దాటడు.

ఆవిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. బేబి స్టవ్వు ఆపింది.

ఎందుకు తీసుకుందో తెలియకుండానే దేవుడమ్మ ఆ ఫైలు చంకన పెట్టుకుని అబీద్ సెంటరుకు పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆటో సోములు టీ తాగుతున్నాడు. వాళ్ల వీధివాడే.

"తేజాని సూసేవేట్రా?"

"ఇందాకే అడ్డరోడ్డు బస్సెక్కినాడత్తా. పలకరిత్తే పలకనేదు. పెద్ద ఆపీసరైపోనాడనుకున్నాను."

అడ్డరోడ్డు దగ్గరే నర్సీపట్నం రోడ్డు స్టేషను. పేరుకు తమ ఊరి స్టేషనే గాని గంట దూరం. పాసింజర్లు తప్ప ఎక్స్‌ప్రెస్‌లు చాలామటుకు ఆగకుండా దూసుకుపోతాయి. దేవుడమ్మ ఆటో రాడ్డు పట్టుకుంది.

"ఆటో తియ్యి."

సోములు ఆవిడ మొహం చూసి టీ గ్లాసు సగంలోనే పెట్టేశాడు. ఇంకేమీ అడగలేదు. వెనకే పరిగెత్తుకొచ్చిన బేబిని ఇంట్లోనే ఉండమని, తేజ తిరిగొస్తే సోములుకు ఫోను చేయమని కేకవేసి ఆవిడ ఎక్కి కూర్చుంది.

ఊరు దాటింది. జీడిమామిడి తోటలు దాటాయి. చెరకు బండి ఒకటి అడ్డం వచ్చి ఎంతకీ తప్పుకోలేదు. దేవుడమ్మ నోటికొచ్చిన దేవుళ్లందరికీ మొక్కింది. చేతులు ఊరికే ఉంచలేక ఫైలు తెరిచింది. ఇంగ్లీషు, ఇంగ్లీషు, ఇంగ్లీషు. పదకొండో కాగితం మీద ఆగింది. అది ఇంజను పుస్తకంలోని పేజీకి మసకబారిన జిరాక్సు. అందులో ఒకే ఒక్క వరస తెలుగు. కొడుకు చేతిరాత. చిన్నప్పుడు పలక మీద రాసినట్టే అక్షరాలు కుడివైపు వాలి ఉన్నాయి. వేలు పెట్టింది.

"బ్రే... కు," అని చదివి తలెత్తింది. ఆటో మళ్లీ నెమ్మదించింది. "బాబూ సోములూ, బేగి ఎల్లరా!"

"ఎల్తన్నానత్తా. నీ కొడుకు నడిపే రైలింజనేటి ఇది?"

ఆవిడ మళ్లీ కాగితం చూసింది. వేలు రెండో మాట మీద ఉంది. బ. దాని నెత్తిన ఏత్వం. ఓత్వం కాదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. ఏత్వమే. బే. గి.

"బేగి," అంది పైకి. సోములును తొందరపెడుతూ ఇప్పుడే తన నోటి నుంచి వచ్చిన మాట కాగితం మీద ఉంది. "బ్రేకు బేగి పట్టడం లేదు."

వెనక కాగితం తిప్పింది. అక్కడ ఎవరో ఆ వరసనే శుభ్రంగా టైపు చేయించి, దాని కింద ఇంగ్లీషు రాశారు. దాని మీద వేలు పెట్టింది. బ. నెత్తిన ఓత్వం. బో. గి.

"ఆటో ఆపరా!"

సోములు ఉలిక్కిపడి రోడ్డు పక్కన ఆపాడు. "ఏటత్తా, ఏటయ్యింది?"

"నువ్వు ఏడు వరకూ సదివేవు కదా. ఇది సదువు. తరవాత ఇది సదువు."

సోములు చదివాడు. కాగితాలు దగ్గర పెట్టుకుని మళ్లీ చదివాడు.

"ఇక్కడ బేగి. అక్కడ బోగి."

"నా కొడుకు రాసింది ఏది?"

"బేగి. బ్రేకు బేగి పట్టట్లేదనే రాసేడు కదా. ఆళ్లు బోగీ అనుకుని పెట్టెలు తణికీ సేసుకున్నారు!" అని సోములు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

కొడుకు తప్పు రాయలేదు. వాడు చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇంజను తుక్కులో కలిసిపోయినా ఈ ఒక్క ముక్క మిగిలింది. కాని ఈ ముక్క చెప్పడానికి వాడు ఉన్నాడా?

"బేగిరా, నాయనా, బేగి," అంది. సోములు ఆటో తీశాడు.

స్టేషనులో జనం పది మంది కూడా లేరు. విశాఖపట్నం పాసింజరు ఇంకా రాలేదు. ఆగని బండి ఏదో వస్తోందని, అంచుకు దూరంగా ఉండమని మైకు చెబుతోంది. దేవుడమ్మ ప్లాట్‌ఫారం పొడుగునా చూసింది. చివర, రేకుల నీడ దాటాక, ఎండలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చెప్పులు విడిచి పక్కన సర్ది పెట్టాడు. ఆ సర్దడం చూసి ఆవిడకు ప్రాణం పోయినంత పనయింది.

పరిగెత్తింది. ఆవిడ అరుపు మైకు మోతలో కలిసిపోయింది. దూరంగా హారను మోగింది. ధర్మతేజ లేచి నిలబడ్డాడు. పట్టాల కేసి ఒక అడుగు వేశాడు.

ఆవిడకు ఇంకేమీ తోచలేదు. పరుగు ఆపి, ఫైలుతో సహా రెండు చేతులూ నెత్తి మీదకు ఎత్తి నిలబడింది.

ధర్మతేజ పక్కకు చూశాడు. చేతులెత్తిన మనిషి. అమ్మ అని పోల్చుకునే లోపే అతని ఒళ్లు ఆగిపోయింది. కుడిచెయ్యి గాలిలో లేని బ్రేకు పిడిని లాగింది. ఎక్స్‌ప్రెస్ ఇద్దరి పక్కనుంచీ దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. కొత్త రకం ఇంజను. చప్పుడులో టక్కు టక్కులు లేవు.

బండి పోయాక కూడా ఆవిడ చేతులు దించలేదు. అతనే వచ్చి దించాడు. మోకాళ్ల మీద పడి ఆవిడ చీర కుచ్చెళ్లలో మొహం పెట్టుకున్నాడు.

ఆవిడ అతన్ని ఓదార్చలేదు. నెత్తిన ఒక్కటి వేసింది, చిన్నప్పుడు కూడా అంత గట్టిగా వేయలేదు. తరవాత ఆ రెండు కాగితాలూ అతని మొహం ముందు పెట్టింది.

"సదువు. ఏలు ఎట్టి సదువు."

"ఏటిదమ్మా..."

"సదవరా ముందు!"

అతను చదివాడు. ఎడమ కాగితం, కుడి కాగితం. మళ్లీ ఎడమ కాగితం. ఐదు నెలలుగా అతను ఆ ఇంగ్లీషు వరస వెయ్యిసార్లు చదివాడు. తన చేతిరాతను మాత్రం ఒక్కసారీ చూడలేదు. చూడటానికి భయపడ్డాడు.

"బేగి," అన్నాడు మెల్లగా. "డ్రైవర్లం పడుకునీ రన్నింగు రూములో నన్ను బేగి బాబు, బేగి బాబు అని ఆటపట్టించీవోరమ్మా. ఆ మాట అనడం మానీసి ఏడేళ్లయ్యింది. ఎవుల ముందూ అన్ను. ఆ రేత్రి నిద్దర్లో ఎలాగొచ్చిందో సేతిలోకి."

"నోటిలోంచి మానిపించినారు గాని, సేతిలోంచి ఎవులు మానిపిత్తారు?"

"అప్పుడు నేను తప్పు రాయనేదా?"

"రాయనేదు."

"సిగ్నలు సూసేను. బ్రేకు ఏసేను."

"ఏసేవు."

అతను చెప్పులు వేసుకున్నాడు. ఎడమది కుడికాలికి వేసుకుని మళ్లీ మార్చుకున్నాడు. సోములు తన ఫోను నుంచి బేబికి కబురు చెబుతున్నాడు, చెబుతూ తనే ఏడుస్తున్నాడు. పాసింజరు వచ్చింది. తల్లీకొడుకులు ఎక్కారు.

విశాఖపట్నంలో ఆఫీసు మూడో అంతస్తులో. తల్లిని లోపలికి రానివ్వలేదు. ధర్మతేజ ఆ రెండు కాగితాలూ తీసుకుని వెళ్లాడు, ఆవిడ మిగతా ఫైలుతో వరండాలో బల్ల మీద కూర్చుంది. తలుపు ఓరగా ఉండటంతో మాటలు వినబడుతున్నాయి. ముగ్గురు అధికారులు. ఇద్దరు తెలుగువాళ్లే గాని ఇటువైపు వాళ్లు కాదు, యాసను బట్టి తెలుస్తోంది.

"అది జిరాక్సులో పడిన మరక కూడా కావచ్చు," అన్నారు ఒకరు.

"అసలు పుస్తకం తెప్పించి చూడండి, సార్," ధర్మతేజ గొంతు.

"తెప్పిస్తాం. కాని బేగి అనే మాట ఏమిటి? నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు నీకు పనికొచ్చేలా అర్థం చెబుతున్నావేమో."

"మా వైపు అందరూ అంటారండి."

"నువ్వు ఐదు నెలల్లో మా ముందు ఒక్కసారి అనలేదే? నీ మాటల్లో ఎక్కడా లేదే?"

ధర్మతేజ నిజంగానే అనలేదు. దేవుడమ్మకు లోపలికి వెళ్లి కేకవేయాలనిపించింది. కాని కన్నతల్లి మాట అక్కడ సాక్ష్యం కాదని ఆవిడకూ తెలుసు. దొరికిన ముక్క చేతిలోంచి జారిపోతోంది. మళ్లీ ఆ స్టేషను, ఆ సర్ది పెట్టిన చెప్పులు కళ్లముందు మెదిలాయి. అవి ఇక ఎన్నిసార్లు విడుస్తాడో, తాను ఎన్నిసార్లు పరిగెత్తగలదో.

లోపల గంట మోగింది. వరండా చివర నుంచి ఖాకీ చొక్కా వేసుకున్న నౌకరు ఒకాయన లోపలికి వెళ్లాడు. సగం తెల్లజుట్టు. జరిగిన గొడవ అతనికేమీ తెలియదు. బయటికొచ్చి, దేవుడమ్మ పక్కన ఉన్న ఫైలు చూసి ఆగాడు.

"పద్దెనిమిది కాగితాల పైలు మీకాడేనా ఉంది, అమ్మా? లోపల సారు అడుగుతన్నారు. ఇలాగిచ్చీండి, బేగి. ఆలీసమైతే నన్ను తిడతారు."

దేవుడమ్మ ఫైలు ఇవ్వలేదు. లేచి నిలబడింది.

"ఏటన్నావు, బాబూ?"

"పైలు ఇమ్మన్నాను."

"ఆ తరవాత?"

"బేగి ఇచ్చీమన్నాను. ఏటమ్మా, ఇనబడదేటి?"

"ఇనబడింది నాయనా," అని దేవుడమ్మ అతని ముంజెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో చేత్తో తలుపు తోసింది. "నాకు ఇనబడింది. లోపలికొచ్చి ఆళ్లకి కూడా ఇనిపించు."